కుళాయి సాక్ష్యం

ఆ రోజుల్లో నేను బాగా చిన్నదాన్ని. అరవై నిండి అరవై ఒకటి నడుస్తోంది. (లెక్క తప్పిందనుకోకండి. నేను లెక్క తప్పను.) ఏమీ తెలియకుండానే అన్నీ తెలుసనుకుని పదిమందిలో లేచి మాట్లాడే కాలాన్ని యవ్వనం అంటారు గనక, నా యవ్వనం నేను రిటైరైన ఏడాది వచ్చింది. రావలసిన వయసులో రాలేదు. ఆ వయసులో నేను టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో చెవులకు హెడ్‌ఫోన్ తగిలించుకుని, "మూడు నిమిషాలు అయిందండీ, పొడిగించమంటారా?" అని ఊరూరి జనాన్ని అడుగుతూ కూర్చున్నాను. పెళ్లి మాటలు కుదరడమూ, అవే మాటలు మర్నాడు చెడడమూ రెండూ నా చెవుల మీదుగానే పోయేవి గనక ఆ సరదా కూడా నాకు పుట్టలేదు. విజయనగరం నుంచి ఉద్యోగానికని సికింద్రాబాద్ వచ్చి, మా అన్నయ్య మల్కాజ్‌గిరిలో ఇల్లు కట్టుకుంటే పై వాటాలో చేరి, అక్కడే తల నెరిపించుకున్నాను.

నాకున్న గొప్పల్లా తేదీలు. ఎవరి పుట్టినరోజు ఎప్పుడు, ఎవరింట్లో గ్యాసు ఎప్పటికి అయిపోతుంది, ఎవరి బీమా ఎప్పటిలోగా కట్టాలి, ఏ తిథినాడు ఎవరి తాతగారి ఆబ్దికం, అన్నీ తలలోనే ఉంటాయి. ఉద్యోగం ఉన్నంతకాలం ఈ విద్య ఆఫీసుకు సరిపోయింది. రిటైరయ్యాక చుట్టాల మీద పడింది. పొద్దున్నే కాఫీ తాగి వరసగా ఫోన్లు చేసేదాన్ని. మొదట్లో "అబ్బ, ఎంత జ్ఞాపకశక్తి!" అన్నవాళ్లే నెల తిరిగేసరికి ఫోను ఎత్తడం మానేశారు. పారిపోవడానికి వీల్లేక దొరికిపోయినది మా బోయిగూడ వదిన. (అన్నయ్య భార్య. పుట్టిల్లు బోయిగూడ. కాపురానికి వచ్చిన నాటి నుంచీ నన్ను 'పిల్లా' అనే పిలుస్తుంది. నా జుట్టు ఆవిడ జుట్టుకన్నా ముందు నెరిసింది, అయినా పిలుపు మారలేదు.) షుగరు గోలీ వేసుకున్నావా అని పై వాటా నుంచి కింది వాటాకు నేను ఒకే పూట మూడోసారి ఫోన్ చేసిన రోజున ఆవిడ రొప్పుకుంటూ మెట్లెక్కి వచ్చి, నడుం మీద చెయ్యి పెట్టుకుని గుమ్మంలో నిలబడింది.

"ఏందీ పిల్లా, ఇంట్లోల్లను గిట్ల సతాయిస్తున్నవ్? గీ యాది చేసుడేదో జెర బయటోళ్లకు చెయ్యరాదు? ఆళ్లన్న పైసలిస్తరు."

వెటకారంగానే అంది. నేను దాన్ని వ్యాపార సలహాగా తీసుకున్నాను.

ఆ వారంలోనే పథకం తయారైంది. మందులూ, బిల్లులూ, పుట్టినరోజులూ, తెల్లవారి లేవడాలూ, ఎవరికి ఏది కావాలంటే అది సమయానికి ఫోన్ చేసి గుర్తు చెయ్యడం. యంత్రం కాదు, మనిషి గొంతు. 'గుర్తు' అని పేరు పెడదామనుకున్నాను. "గుర్తంటే ఏందీ, ఎలక్షన్ల నిలబడుతున్నవా?" అంది వదిన. చివరికి ఆవిడ నోటి నుంచి వచ్చిన మాటే పెట్టాను: 'యాది'. మా వీధిలో ఇళ్లకు వచ్చి బట్టలు ఇస్త్రీకి పట్టుకెళ్లే అబ్బాయి ఒకడుండేవాడు. ఇంజనీరింగ్ చదివి, ఉద్యోగం వదిలేసి, స్కూటరు మీద మూటలు మోసుకు తిరుగుతుంటే వాళ్లమ్మగారు ఎంత బాధపడుతోందో అని నేను జాలిపడేదాన్ని. అతన్ని కదిపితే తెలిసింది, దాన్ని స్టార్టప్ అంటారట. సికింద్రాబాద్‌లో కార్ఖానా అనే పేటలో ఒక ఫర్నిచర్ దుకాణం పై అంతస్తులో ఇలాంటివాళ్లంతా కలిసి కూర్చునే హాలు ఉందట. "మీరు సుత రాండ్రి ఆంటీ, ఒకళ్లను చూసి ఒకళ్లం నేర్చుకుంటం ఆడ" అన్నాడు. నాకు ఆ మాటలో రెండో సగమే వినిపించింది. పాపం, వీళ్లకు నేర్పేవాళ్లు లేరు కాబోలు అనుకున్నాను.

మర్నాడే ఇస్త్రీ చేసిన చీర కట్టుకుని (ఆ అబ్బాయి చేసిందే) వెళ్లాను. హాలు నడిపే ఆయన్ని అందరూ 'చాయ్ సార్' అంటారు. నలభై దాటిన మనిషి. అంతకుముందు ఆయన పెట్టిన వ్యాపారాలు మూడు మూతపడ్డాయని ఎవరూ అడగకుండానే చెప్పి, ఆ మూడూ ఎందుకు మూతపడ్డాయో కూడా నవ్వుతూ చెప్పి, చాయ్ పోయించాడు. ఆ చాయ్ గ్లాసు ఖాళీ అయ్యేలోగా నేను అక్కడున్న అందరికీ సలహాలు ఇచ్చేశాను. ఇస్త్రీ అబ్బాయికి బట్టల మూటలు రంగు ప్రకారం వేరు చెయ్యమన్నాను. కుక్కల్ని షికారు తిప్పే సర్వీసు పెట్టిన ఒక అమ్మాయి ఉంది, ఆమెను అందరూ కుక్కల పాప అంటారు, ఆమెకు కుక్కల్ని గుంపుగా కాక ఒక్కొక్కదాన్నే తిప్పమన్నాను. గోడ గడియారం రెండు నిమిషాలు వెనకుందని చాయ్ సార్‌కు చెప్పాను. అందరూ ఎంతో మర్యాదగా విన్నారు. అంతా అయ్యాక కుక్కల పాప ముద్దుగా అడిగింది.

"ఆంటీ, మీరు మా సర్వీస్ ఎప్పుడన్న వాడిండ్రా?"

"నాకు కుక్క లేదమ్మా."

"అయితే మా దగ్గర ఒక రూల్ ఉన్నది ఆంటీ" అని గోడకేసి చూపించింది. పెద్ద అక్షరాలతో రాసి ఉంది: వాడకుండ మాట్లాడొద్దు.

చాయ్ సార్ వివరంగా చెప్పాడు. "మేడమ్, ఈడ ఎవలకన్న సలహా చెప్పాల్నంటే ముందుగాల వాళ్ల కస్టమర్ కావాలె. వారం పది దినాలు వాడాలె. గప్పుడు ఏమన్న చెప్పొచ్చు, తిట్టొచ్చు సుత. బయట సలహాలు ఫ్రీగనే దొరుకుతయి గద, అందుకే వాటితోని పరేషాన్ అయినం. మీరు మావి వాడుండ్రి, మేం మీది వాడుతం. మూడు నెల్లు ట్రయల్. ఆఖరికి మీది వాడినోళ్లే చెప్తరు, మీకు పర్మనెంట్ టేబుల్ ఇయ్యాల్నా వద్దా అని."

టేబుల్ అంటే ఏముంది, ఒక బల్లా కుర్చీ. కానీ ఇన్నాళ్లూ నాకంటూ ఒక బల్ల ఉండేది. రిటైరైన రోజు దండ వేసి, శాలువా కప్పి, ఆ బల్ల వేరేవాళ్లకిచ్చారు. ఇంట్లో నా ఫోను చుట్టాలు తీయరు, తిరిగి చేసేవాళ్లు అసలే లేరు. టీవీ ముందు కూర్చుంటే సీరియల్లో అత్తగారి తప్పులు దిద్దడం తప్ప పని లేదు. ఈ పిల్లల మధ్య ఒక బల్ల నాదని అనిపించుకోవాలని ఆ క్షణాన ఎంత గట్టిగా అనిపించిందో, నేను పైకి మాత్రం "చూద్దాం లెండి" అన్నాను.

ఇక వాడడం మొదలుపెట్టాను. ఇస్త్రీ సులువే. ఇంట్లో బట్టలన్నీ, చివరికి అన్నయ్య తుండుగుడ్డలు కూడా ఇస్త్రీకి వేశాను. కుక్క దగ్గర చిక్కు వచ్చింది. కుక్కల పాపకు చెప్పవలసినవి నా దగ్గర చాలా పేరుకుపోయి ఉన్నాయి, కుక్క లేనిదే నోరు విప్పే హక్కు లేదు. పక్కింటి హెడ్మాస్టారుగారికి టైగర్ అని ఒకటుండేది. పేరే పులి. వయసు మళ్లిన నాటు కుక్క, గేటు పక్కన గోనెపట్టా మీద పడుకోవడం తప్ప దానికి వేరే ఉద్యోగం లేదు. ఏ చప్పుడైనా అయితే పడుకునే రెండుసార్లు మొరిగి, ఆ శ్రమకు ఒకసారి తుమ్మేది. భౌ, భౌ, హచ్. మళ్లీ నిద్ర. వీధిలో అందరికీ ఆ తుమ్ము తెలుసు. హెడ్మాస్టారుగారి దగ్గరకు వెళ్లి, "పొద్దున పూట టైగర్‌ను నాకు ఇస్తారా?" అని అడిగాను. ఆయన కళ్లజోడు పైకి జరిపి, "ఎందుకమ్మా?" అన్నారు. "వ్యాపారం పని మీద" అన్నాను. ఆయన ఇంకేమీ అడగలేదు. నా వయసు ఆడవాళ్లు ఏదడిగినా కారణం రెండోసారి అడక్కుండా ఇచ్చెయ్యడం ఆయన అలవాటట.

అలా రోజూ తెల్లవారగానే నేను పక్కింటికి వెళ్లి టైగర్‌ను బతిమాలి మా గేటు దగ్గరకు తెచ్చేదాన్ని. కాసేపటికి కుక్కల పాప పంపిన మనిషి వచ్చి దాన్ని షికారుకు తీసుకెళ్లేవాడు. తిరిగి తెచ్చి నాకు అప్పగిస్తే, నేను పక్కింటికి తీసుకెళ్లి అప్పగించేదాన్ని. వదిన వాకిట్లో నిలబడి ఇదంతా చూసి ఒకనాడు అన్నయ్యను పిలిచింది.

"ఇటు రా, మీ చెల్లె తెలివి చూడు! కుక్కనేమో అడుక్కొచ్చుడు. దాన్ని తిప్పనీకి ఇంకొకనికి పైసలిచ్చుడు. అది తిరిగొచ్చినంక మల్ల అప్పజెప్పుడు. గీమె తిరుగుడే దానికన్న ఎక్కువున్నది!"

"నీకు వ్యాపారం తెలీదు వదినా" అన్నాను. నాకు మాత్రం తెలుసన్నట్టు.

ఇంకోపక్క పిల్లలు నా సర్వీసు వాడుతున్నారు. ఇస్త్రీ అబ్బాయిని పొద్దున్నే లేపాలి. కుక్కల పాపను కూడా, ఆమె లేచి తన మనుషులు పనిలోకి వెళ్లారో లేదో చూసుకోవాలి గనక. చాయ్ సార్‌కు బీపీ మాత్ర. పరీక్ష కోసమని వదిన పేరు కూడా జాబితాలో వేశాను. (ఆవిడను అడగలేదు. అడిగితే ఏమంటుందో తెలుసు.) మొదటి నెల అంతా బాగానే జరిగింది. నేను ఫోన్ చేస్తాను, వాళ్లు లేస్తారు, "థ్యాంక్స్ ఆంటీ" అంటారు. అక్కడితో ఊరుకుని ఉంటే ఇది రాసే అవసరం ఉండేది కాదు. కానీ ఆ హాల్లో ఒకరి నుంచి ఒకరు నేర్చుకోవాలి కదా. నేను కూడా నేర్చుకుందామనుకున్నాను. ఇస్త్రీ అబ్బాయి బట్టలు ఇచ్చి వెళ్లేటప్పుడు గుమ్మంలో పెట్టిన మూటను ఫోటో తీసి పంపిస్తాడు. దాన్ని సాక్ష్యం అంటారట. ఇచ్చారా లేదా అన్న తగువు ఉండదట. ఆ మాట నా బుర్రకు ఎంత బాగా ఎక్కిందంటే, నా వ్యాపారంలో ఉన్న లోపం ఒక్కసారిగా కళ్లకు కట్టింది. నేను లేపుతున్నాను సరే, లేచారని సాక్ష్యమేదీ? "లేచాను ఆంటీ" అని మూలుగుతూ చెప్పే గొంతును ముప్పై ఏళ్లు ఫోన్లు విన్నదాన్ని నేను నమ్ముతానా? ఫోటో వద్దు, ఆడపిల్లలున్నారు. చెవి చాలు. మర్నాటి నుంచి కొత్త పద్ధతి పెట్టాను.

"లేచావా బాబూ?"

"లేచిన ఆంటీ."

"అయితే వెళ్లి కుళాయి తిప్పు. నీళ్ల చప్పుడు నన్ను విననీ."

ఈడ్చిన చెప్పుల చప్పుడు. తలుపు కిర్రుమనడం. తర్వాత జలజలా నీళ్లు. "ఆఁ, మంచిది, మొహం కడుక్కో" అని పెట్టేసేదాన్ని. మాత్రల వాళ్లకూ ఇదే. నీళ్లు పట్టుకోనిదే మాత్ర ఎలా మింగుతారు? కుళాయి చప్పుడు వినిపించాలి. నా తెలివికి నేనే మురిసిపోయాను. హాలుకు వెళ్లి, "మీ దగ్గరే నేర్చుకున్నాను బాబూ" అని ఇస్త్రీ అబ్బాయి భుజం తట్టాను. అతను చాలా నీరసంగా నవ్వాడు. నిద్ర చాలక అనుకున్నాను.

మూడో నెలలో ఒకరోజు నేను టిఫిన్ డబ్బా ఇంట్లో మరిచిపోయి హాలుకు వెళ్లాను. (అవును, అందరికీ గుర్తు చేసేదాన్ని నేనే. ఈ విషయం అప్పట్లో ఎవరూ ఎత్తకపోవడం వాళ్ల మంచితనం.) వదిన డబ్బా పట్టుకుని కార్ఖానాకు వచ్చింది. నేను కింద దుకాణంలో కుర్చీలు బేరం చేస్తున్నాను, బల్ల వచ్చాక నా నడుముకు సరిపోయే కుర్చీ కావాలి గదా అని. నేను పైకి వచ్చేసరికి వదిన పిల్లలందరి మధ్యా కూర్చుని చాయ్ తాగుతోంది. నన్ను చూడగానే అందరూ ఒక్కసారి మాట ఆపి నాకేసి ఎంతో ప్రేమగా నవ్వారు. మా వదిన ఎక్కడికెళ్లినా కలిసిపోతుంది, అదొక కళ అనుకున్నాను. ఆ తర్వాత పొద్దున ఫోన్లు మరీ సాఫీగా నడిచాయి. కుళాయి తిప్పమనగానే చెప్పుల చప్పుడు లేదు, తలుపు కిర్రు లేదు, వెంటనే జలజలా. ఎంత క్రమశిక్షణ వచ్చింది పిల్లలకు అని మురిశాను.

ట్రయల్ ఆఖరి రోజు వచ్చింది. ఆ మధ్యాహ్నం హాల్లో అందరూ కూర్చుని నా బల్ల సంగతి తేల్చాలి. పొద్దున్నే టైగర్‌ను షికారుకు సాగనంపి, అది కుక్కల పాప మనిషి వెంట వీధి మలుపు తిరగడం డాబా మీది నుంచి చూస్తూ ఇస్త్రీ అబ్బాయికి ఫోన్ చేశాను. జలజలా నీళ్లు. ఆఖరి రోజు గదా అని వెంటనే పెట్టెయ్యకుండా విన్నాను. ఆ నీళ్ల వెనక, సన్నగా, భౌ, భౌ, హచ్. అతని ఇల్లు బోయిగూడ. అక్కడా ఇలాంటి కుక్క ఒకటుందన్నమాట అనుకున్నాను. కుక్కల పాపకు చేశాను. జలజలా. భౌ, భౌ, హచ్. ఇదివరకూ ఆమె దగ్గర ఆ చప్పుడు విన్నట్టే గుర్తు, కుక్కల మధ్య బతికే పిల్ల కదా అని పట్టించుకోలేదు. చాయ్ సార్‌కు చేశాను. ఆయన ఉండేది కార్ఖానాలో, నాలుగో అంతస్తులో. జలజలా. భౌ, భౌ. నేను ఊపిరి బిగపట్టాను. హచ్.

కింది వాటాకు ఫోన్ చేశాను. "గోలీ ఏసుకున్న పిల్లా, ఇగో ఇను" అంది వదిన, అడక్కుండానే. జలజలా నీళ్లు, భౌ, భౌ, హచ్. టైగర్ ఆ సమయంలో గోనెపట్టా మీద లేదు. నేనే స్వయంగా, నా డబ్బుతో, దాన్ని వీధి దాటించి ఉన్నాను.

ఇంతకాలంగా నేను సాక్ష్యం అనుకుంటున్నది మా వంటింటి కుళాయి. మా వదిన తన ఫోనులో దాన్ని రికార్డు చేసి, పిల్లలకు పంచిపెట్టింది. ఒకరి నుంచి ఒకరు నేర్చుకోవడమంటే ఇదన్నమాట! నేను ఆవిడతో ఒక్క ముక్క మాట్లాడకుండా డబ్బా మాత్రం పట్టుకుని (ఆ రోజు మరిచిపోలేదు) కార్ఖానా బస్సెక్కాను. దారి పొడవునా ప్రసంగం తయారు చేసుకున్నాను. నమ్మకం గురించి మొదలుపెట్టి, మా కాలంలో ఆపరేటరు మాటకున్న విలువ మీదుగా వచ్చి, బల్ల మీరు ఇవ్వడం కాదు, నేనే అక్కర్లేదంటున్నాను అని ముగించాలి. చివరి వాక్యం దగ్గరకు వచ్చినప్పుడల్లా మళ్లీ మొదటికి వెళ్లాను. ఆ బల్ల నాకు కావాలి మరి.

హాల్లో అందరూ గుండ్రంగా కూర్చున్నారు. చాయ్ సార్ రివాజు ప్రకారం, "మేడమ్, ఫస్ట్ మీరు చెప్పుండ్రి. మీరు వాడినవాటిల ఏమేం చూసిండ్రు?" అన్నాడు. నేను లేచి నిలబడ్డాను. ప్రసంగం నోటి చివర ఉంది.

"నేను ఒకే ఒక్క సంగతి చెప్తాను. ఈ హాల్లో మోసం జరుగుతోంది."

ఇస్త్రీ అబ్బాయి కిందకు చూశాడు. చాయ్ సార్ గ్లాసు బల్ల మీద పెట్టాడు. "మీరంతా నాకు వినిపిస్తున్న కుళాయి ఒక్కటే. అది మా ఇంటిది. అందులో మొరిగే కుక్క..." అని, ఇక్కడ గొంతు పెంచాను, "అందులో మొరిగే కుక్క నాది!"

"టైగరా ఆంటీ?" అంది కుక్కల పాప మెల్లగా.

"అవును, టైగరే."

"టైగర్ మీదేనా ఆంటీ?"

ఆ 'మీదేనా'లో ఏదో ఉంది. ఆమె ఇంకా మెల్లగా, నన్ను నొప్పించకుండా ఎలా చెప్పాలా అని వెతుక్కుంటూ చెప్పింది. "హెడ్మాస్టర్ తాతయ్య మాకు పాత కస్టమరే ఆంటీ. ఆయనకు మోకాళ్ల నొప్పులు గద, రోజు సాయంత్రం టైగర్‌ను మేమే తిప్పుతం. మీరు మొదటిరోజు బుక్ చేసినప్పుడే మావోడు గుర్తుపట్టిండు. పొద్దున మీ పేరు మీద, సాయంత్రం తాతయ్య పేరు మీద. పాపం, అది సన్నగయ్యింది."

నవ్వు ఎక్కడ మొదలైందో చెప్పలేను గానీ, హాలంతా అయింది. నేను ఇంకా నిలబడే ఉన్నాను. "మరి నాకెందుకు చెప్పలేదు?" అన్నాను.

"ఎందుకు చెప్తమాంటీ? రూల్ కోసం కుక్కను అడుక్కొచ్చి మరీ వాడినోళ్లను మేం ఇప్పటిదాక చూడలే. మావోళ్లు లేటొస్తున్నరని మీరు చెప్పినంకనే టైమ్‌కు వస్తున్నరు."

"మరి కుళాయి?"

ఈసారి ఇస్త్రీ అబ్బాయి నోరు విప్పాడు. "ఆంటీ, మీరు కాల్ చేస్తే లేస్తున్నం. నిజంగ లేస్తున్నం, ఒట్టు. కాని లేచినంక ఫోన్ పట్టుకొని నల్లా కాడికి పోవుడే తక్లీఫ్. నా ఫోన్ బకెట్ల పడ్డది. బియ్యంల పెట్టినా పనిచెయ్యలే, కొత్తది కొన్న. గప్పుడు మీ వదినమ్మ వచ్చి, 'గింత దానికి ఏడుస్తరేందిరా, నా మోకాళ్లు నొయ్యంగ నేను ఎన్నిసార్లు లేస్త? గీ రికార్డ్ పెట్టుకోండ్రి' అన్నరు."

"ఇంత బాధపడేకన్నా మానెయ్యొచ్చు కదయ్యా. నా నంబరు బ్లాక్ చేస్తే పోయేది. మా చుట్టాలంతా అదే చేశారు."

అతను తల గోక్కున్నాడు. "నల్లా సంగతి చెప్తే మీరు నారాజ్ అయ్యి కాల్ చేసుడే బంద్ పెడతరేమో అనుకున్నం ఆంటీ. కాల్ కావాలె. నల్లానే వద్దు."

నేను కూర్చున్నాను. ప్రసంగంలో నమ్మకం గురించిన భాగం మొత్తం ఎటో పోయింది. ముప్పై ఏళ్లు అందరి మాటలూ చెవిన వేసుకుని, సమయం అయిందని చెప్పి లైను తెంచడమే నేను నేర్చుకున్నది. అవతలి మనిషి లైను పొడిగించమంటున్నాడని వాళ్లు చెప్పేదాకా నాకు తెలియలేదు. చాయ్ సార్ రివాజు ప్రకారం అందరివైపూ తిరిగాడు.

"సరే, వాడినోళ్లు చెప్పుండ్రి. రేపటి సంది యాది కాల్స్ బంద్ పెట్టాలె అన్నోళ్లు చేతులెత్తుండ్రి."

సరిగ్గా అప్పుడు నా ఫోను మోగింది. కంగారులో ఏదో నొక్కితే స్పీకరు పడింది. వదిన గొంతు హాలంతా వినిపించింది.

"ఏం పిల్లా, పగటి గోలీ టైమ్ దాటి గంటయింది. ఫోన్ చెయ్యలే. ఏమైంది, పానం మంచిగనే ఉన్నదా? పొద్దున మూతి ముడుచుకొని పోయినవ్. బస్సుల ఏమన్న అయిందా ఏంది? మీ అన్నను పంపాల్నా?"

నేను స్పీకరు ఎలా ఆపాలా అని ఫోనంతా తడుముతున్నాను. ఆ ఆలస్యానికి ఆవిడ వేరే అర్థం తీసుకుంది. "ఆఁ, ఆఁ, తెలుసుగని, గోలీ ఏసుకున్న. ఇగో ఇను" అంది. మరుక్షణం ఆ హాలు మధ్యలో మా వంటింటి కుళాయి జలజలా పారింది. భౌ. భౌ. అందరూ ఊపిరి బిగబట్టి ఎదురుచూశారు. హచ్!

చాయ్ సార్ కళ్లు తుడుచుకున్నాడు. కుక్కల పాప బల్ల మీద తల పెట్టేసింది. ఇస్త్రీ అబ్బాయి కుర్చీలోంచి జారాడు. నేను కూడా నవ్వాను. ఆ నవ్వు ఎంతసేపు నవ్వానంటే, వదిన అవతల నుంచి "ఎవలది ఆ నవ్వు? పిల్లా, నువ్వేనా? నవ్వుతున్నవా, ఏడుస్తున్నవా?" అని రెండుసార్లు అడిగింది. రెండూ అని చెప్పలేదు. "ఫోన్ పెట్టీ వదినా, సాయంత్రం వచ్చీసి చెప్తాను" అన్నాను, ఎన్నాళ్లకో మా విజయనగరం యాసలో. చేతులు ఎత్తినవాళ్లు ఎవరూ లేరని చాయ్ సార్ ప్రకటించాడు.

బల్ల వచ్చింది. కిటికీ పక్కన నేను కలగన్నది కాదు. చేతులు కడుక్కునే కుళాయి పక్కనున్నది, అదొక్కటే ఖాళీగా ఉందన్నారు. (అది నిజమో, వాళ్ల కొంటెతనమో ఇప్పటికీ తేలలేదు.) బల్ల మీద పెట్టిన పేరు పలక కింద ఎవరో చిన్న కాగితం అంటించారు: నల్లా మీ పక్కనే ఉన్నది, సాక్ష్యం మీరే చూసుకోండి. ఆ కాగితం నేను తీసెయ్యలేదు.

ఆ తర్వాత చాలానే జరిగాయి. కుక్కల పాప వ్యాపారం పెరిగి పెద్ద హాలుకు మారింది. ఇస్త్రీ అబ్బాయికి తన కన్నా పొద్దున్నే లేచే భార్య దొరికింది. అయినా నా ఫోను మానలేదు, ఇప్పుడు వాళ్లిద్దరూ ఒకరికొకరు పందెం వేసుకుని ఎత్తుతారు. యాదికి నాతో పాటు మరో నలుగురు రిటైరైన ఆపరేటర్లు ఫోన్లు చేస్తున్నారు. కొత్తగా చేరిన ప్రతివాళ్లకూ నేను చెప్పే మొదటి మాట, సాక్ష్యం అడక్కండి అని. రెండో మాట, మీరు వాడని దాని గురించి మాట్లాడకండి అని. ఈ రెండో మాట చెప్పేటప్పుడు నా ముఖం ఎంత గంభీరంగా పెట్టినా, హాల్లో పాతవాళ్లు ఎవరో ఒకరు సన్నగా "భౌ" అంటారు.

టైగర్ నిరుటి చలికాలంలో పోయింది. గోనెపట్టా మీదే, నిద్రలోనే. హెడ్మాస్టారుగారు చాలా రోజులు గేటు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చున్నారు. ఆయనకు నేను ఇప్పుడు సాయంత్రం పూట ఫోన్ చేస్తాను, గుర్తు చెయ్యడానికి ఏమీ లేకపోయినా. అరవై ఒకటో ఏట నేను ఎవరికి ఏం నేర్పుదామని ఆ మెట్లెక్కానో తలుచుకుంటే, ఇస్త్రీ చీర కట్టుకుని గోడ గడియారం తప్పు పట్టిన ఆ చిన్నదాన్ని పిలిచి కూర్చోబెట్టి, ఒక చాయ్ పోసి, "తొందరేం లేదు, ముందు వాడమ్మా" అని చెప్పాలనిపిస్తుంది. వింటుందని నమ్మకం లేదు.

సాక్ష్యం అడగడం అందరి దగ్గరా మానేశాను గానీ, ఒక్కచోట మాత్రం మానలేదు. రోజూ పొద్దున్నే పై వాటా నుంచి కింది వాటాకు ఫోన్ చేస్తాను. "గోలీ వేసుకున్నావా వదినా?" అంటాను. "ఏసుకున్న పిల్లా" అంటుంది. "ఏదీ, కుళాయి?" అంటాను. ఆవిడ విసుక్కోదు. ఎందుకడుగుతున్నానని కూడా అడగదు. ఫోనులో ఏదో నొక్కుతుంది. నీళ్లు జలజలా పారతాయి. నేను కళ్లు మూసుకుంటాను. రెండుసార్లు మొరుగుతుంది. తర్వాత ఆ తుమ్ము వచ్చేదాకా ఇద్దరం లైన్లోనే ఉంటాం.